రాజుల వయసు చెప్పిన దూలాలు

తొలి ఫారోలు – 7వ భాగం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండు మూడేళ్లయింది. చికాగో విశ్వవిద్యాలయంలో విల్లర్డ్ లిబ్బీ, జేమ్స్ ఆర్నాల్డ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక కొత్త గడియారం తయారుచేసుకుని కూర్చున్నారు. చెట్టు గానీ గింజ గానీ ఎముక గానీ, ప్రాణం పోయి ఎన్నాళ్లయిందో అందులో మిగిలిన కార్బన్-14ను బట్టి చెప్పవచ్చన్నది వాళ్ల వాదన. అయితే ఏ గడియారాన్నయినా సరిచూడాలంటే అసలు టైము ముందే తెలిసి ఉండాలి కదా. వయసు రూఢిగా తెలిసిన పాత వస్తువులు ఇప్పించండని పురావస్తు శాస్త్రవేత్తలను అడిగారు. పదివేల ఏళ్లవి, ఇరవై వేల ఏళ్లవి వరసగా దొరుకుతాయనుకున్నారు. పుస్తకాల నిండా అలాంటి అంకెలే ఉన్నాయి మరి. తీరా ఆరా తీస్తే అవన్నీ అంచనాలేనని తేలింది. ఏడాది లెక్కతో చెప్పగలిగిన చరిత్ర ఐదువేల సంవత్సరాల దగ్గరే ఆగిపోతుంది. ఆగేది ఈజిప్టు మొదటి రాజవంశం దగ్గర. 1960లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో కూడా లిబ్బీ ఈ దెబ్బను తలచుకున్నాడు.

అలా ఈజిప్టు తొలి రాజులు అణుశాస్త్రానికి కొలబద్దలయ్యారు. మరి ఆ కొలబద్ద మీద గీతలు గీసిందెవరు? ఈ భాగంలో చెప్పదలచుకున్నది ఆ సంగతే. కథ చాలావరకు అమెరికాలోనే జరిగింది.

లిబ్బీ ప్రయోగశాల ఉన్న ప్రాంగణంలోనే ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2023లో పేరు మార్చారు గానీ అందరి నోటా ఇంకా పాత పేరే. 1919లో రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన డబ్బుతో దాన్ని నెలకొల్పినవాడు జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్. 1865లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో పుట్టి, బెర్లిన్ వెళ్లి ఈజిప్టు శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న మొదటి అమెరికన్ ఆయన. 1905లో ఆయన రాసిన ఈజిప్టు చరిత్రలో మొదటి రాజు మెనెస్ గద్దెనెక్కింది క్రీ.పూ. 3400లో. అదే రోజుల్లో ఇంగ్లండులో ఫ్లిండర్స్ పీట్రీ లెక్క ప్రకారం అది క్రీ.పూ. 5500 ప్రాంతం. అంతకుముందు ఫ్రెంచి పండితుడు మరియెట్ చెప్పింది క్రీ.పూ. 5004. ఒకే రాజు, ఒకే గద్దె, మధ్యలో రెండువేల ఏళ్లు!

ఇంత తేడా ఎలా వచ్చింది? మూలం మనెథో దగ్గరుంది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఈ ఈజిప్టు పూజారి తమ రాజులందరినీ 30 వంశాలుగా విడగొట్టి గ్రీకులో చరిత్ర రాశాడు. పుస్తకం పోయింది. తర్వాతివాళ్లు ఎత్తిరాసుకున్న ముక్కలు మిగిలాయి. ఆ వంశాలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఏలాయనుకుని కూడితే కాలం సాగిపోతుంది. దేశం చీలి, ఉత్తరాన ఒకరూ దక్షిణాన ఒకరూ ఏకకాలంలో ఏలారనుకుంటే కుదించుకుపోతుంది. మనకిది కొత్త తలనొప్పేం కాదు. మత్స్యపురాణం ఆంధ్ర రాజులు 30 మంది అని, 460 ఏళ్లు ఏలారని చెబుతుంది. వాయుపురాణం ప్రతుల్లో పేర్లూ తక్కువే, ఏళ్లూ తక్కువే. శాతవాహనుల కాలాన్ని పొడుగు లెక్కన చూడాలా, పొట్టి లెక్కన చూడాలా అని మన చరిత్రకారులు పడ్డ తగువూ ఇదే. కోటిలింగాల దగ్గర నాణేలు దొరికాక అది కొంత కుదుటపడింది.

ఈజిప్టువాళ్లకు నాణేలు లేవు. వాళ్ల దగ్గరున్నది ఒక నల్లరాయి. ఇప్పుడు సిసిలీలోని పలెర్మో మ్యూజియంలో ఉంది కాబట్టి పలెర్మో శిల అంటారు. ఐదో వంశం నాటి రాజచరిత్ర పలకలో విరిగి మిగిలిన ముక్క అది. అన్నిటికన్నా పై వరసలో రాజుల పేర్లే తప్ప మరేమీ లేదు. వీళ్లు మెనెస్ కంటే ముందువాళ్లు. కింది వరసల నుంచి ఒక్కో గడి ఒక్కో సంవత్సరం. గడికీ గడికీ మధ్య నిలువుగా ఒక గీత, పైన కొద్దిగా వంగి ఉంటుంది. ఈత మట్ట ఈనె బొమ్మ, వాళ్ల లిపిలో ఏడాది గుర్తు అదే. గడి లోపల ఆ ఏడు జరిగిన ముఖ్య సంగతి: ఫలానా దేవుడి విగ్రహం చేయించారు, ఫలానా పండగ జరిగింది, పశువుల లెక్క తీశారు. అడుగున ఆ ఏడాది నైలు వరద ఎంత ఎత్తు వచ్చిందో మూరల్లో, బెత్తెల్లో, వేళ్లలో రాసి పెట్టారు. తొలి రాజుల కాలంలో ఏడాదికి అంకె లేదు, సంఘటనే పేరు. రాయలసీమలో పెద్దవాళ్లు ‘ధాత కరువు’ అంటే 1876 అని మనం లెక్క కట్టుకోవడం లేదూ, అలాగే.

ఆ పలక మొత్తం దొరికి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. దొరికినవి ముక్కలు. వాటికి తోడు ట్యూరిన్‌లో చిరుగుల పపైరస్ ఒకటుంది. అందులో మెనెస్ నుంచి ఎనిమిదో వంశం చివరిదాకా మొత్తం 955 ఏళ్లు అని ఒక కూడిక మిగిలింది. సరే, ఆ 955ని ఎక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టాలి? అందుకు ఆకాశాన్ని అడిగారు.

ఈజిప్టు పంచాంగంలో ఏడాదికి సరిగ్గా 365 రోజులు. అధిక దినం లేదు. అందుచేత నాలుగేళ్లకొక రోజు చొప్పున పంచాంగం ఋతువుల నుంచి జారిపోతూ ఉంటుంది. లుబ్ధక నక్షత్రం కొన్నాళ్లు కనబడకుండా పోయి మళ్లీ తెల్లవారుజామున తూర్పున పొడిచే రోజు, పంచాంగంలో ఉగాదితో కలిసేది 1,460 ఏళ్లకొకసారి. అలా క్రీ.శ. 139లో కలిసిందని రోమన్ రచయిత ఒకడు రాశాడు. అక్కడినుంచి వెనక్కి వెళ్తే క్రీ.పూ. 1321, 2781, 4241. పన్నెండో వంశపు రాజు మూడో సెసోస్ట్రిస్ ఏడో ఏట లుబ్ధకోదయం ఏ తేదీన వచ్చిందో చెప్పే గుడి కాగితం లాహున్‌లో దొరికింది. దాని ఆధారంగా ఆ ఏడాది క్రీ.పూ. 1872 అని రిచర్డ్ పార్కర్ 1950లో చికాగో నుంచి వెలువడ్డ తన పుస్తకంలో స్థిరపరిచాడు. పన్నెండో వంశానికి అలా ఒక మేకు దిగింది. దానికి వెనక ఉన్నది మధ్యలో రాజ్యం ముక్కలైన అరాచక కాలం. అది నూరేళ్లో ఇంకెన్నేళ్లో! ఆ గుంట దాటి ఆవలికి వెళ్లాకే 955 ఏళ్ల లెక్క మొదలవుతుంది. తొలి రాజుల తేదీలన్నీ ఆ గుంట మీద వేసిన వంతెన ఎంత పొడుగన్న దాని మీద ఆధారపడి ఉన్నాయి.

బ్రెస్టెడ్ ఇక్కడ ఒక అడుగు ముందుకేశాడు. జర్మన్ పండితుడు ఎడువర్డ్ మేయర్ వెంట నడిచి, క్రీ.పూ. 4241లోనే ఈ పంచాంగం పుట్టిందని, ప్రపంచ చరిత్రలో తేదీ స్థిరపడ్డ మొట్టమొదటి సంఘటన ఇదేనని చాటాడు. అమెరికా పిల్లలు ఒక తరం పాటు పాఠ్యపుస్తకాల్లో అదే చదువుకున్నారు. 1938లో ఆటో నాయ్‌గెబవర్ ఆ మేడను ఒక్క వ్యాసంతో కూల్చేశాడు. మరుసటేడు ఆయన అమెరికా వచ్చి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. 365 రోజుల ఏడాది తెలుసుకోవడానికి నక్షత్రమే అక్కరలేదు, ఏటేటా నైలు వరద ఎన్ని రోజులకొస్తోందో కొన్నేళ్లు లెక్కపెట్టి సరాసరి తీస్తే చాలు అన్నాడు. నా దృష్టిలో ఈజిప్టు కాలగణనలో ఇంతకంటే తెలివైన వాదన మరొకటి లేదు.

ఏడాది ఇలా ఊగిసలాడుతున్నా వరస మాత్రం క్రమంగా గట్టిపడుతూ వచ్చింది. ఇండియానాపొలిస్ నుంచి వెళ్లిన జార్జ్ రైస్నర్, ఫీబీ హెర్స్ట్ అనే కాలిఫోర్నియా సంపన్నురాలి ఖర్చుతో 1901 నుంచి నగ ఎద్-దేర్ శ్మశానాలను ఒక్కో సమాధీ ఫొటో తీయించి, కొలతలు రాయించి తవ్వాడు. తొలి వంశాల సమాధులు ఏ దశ తర్వాత ఏ దశకు మారాయో 1936లో పెద్ద పుస్తకం రాశాడు. అబైదోస్‌లో రాజుల సమాధులను పీట్రీ తవ్వినప్పుడు వచ్చిన సరుకులో కొంత విరాళాలిచ్చిన సంస్థల ద్వారా అమెరికా చేరింది. మొదటి వంశంలో చివరివాడైన కా అనే రాజు సమాధి ముందు నిలిపిన శిల ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియంలో ఉంది. దీర్ఘచతురస్రంలో రాజుపేరు, దాని కింద కోటగోడ నమూనా, పైన డేగ. బిరుదులూ ప్రశస్తులూ ఏమీ లేవు. మన శాసనాల్లో వంశవర్ణన రెండు పలకలు తిన్నాక గానీ దానం సంగతి రాదు. ఈ రాజులు పేరొక్కటి చెక్కించి ఊరుకున్నారు. చరిత్రకారులకు కష్టం వచ్చింది కూడా అందుకే.

ఆ కష్టం తీరింది 1980ల నుంచి, జర్మన్ బృందం అవే సమాధులను మళ్లీ తవ్వినప్పుడు. డెన్ అనే రాజు సమాధిలో మట్టి మీద పడ్డ ముద్ర గుర్తులు దొరికాయి. నార్మర్, అహా, జెర్, జెట్, డెన్ అని వరసగా పేర్లు, పక్కన రాజమాత మెర్నెయిత్. తర్వాత కా సమాధి ముద్రలో ఎనిమిదిమందీ వచ్చారు: నార్మర్, అహా, జెర్, జెట్, డెన్, అనెద్‌జిబ్, సెమెర్‌ఖెట్, కా. రెండూ నార్మర్‌తోనే మొదలయ్యాయి. మెనెస్ అంటే నార్మరా, అహానా అన్న పాత తగువులో నార్మర్ వైపు మొగ్గు వచ్చింది ఇక్కడే. అయితే ఇన్ని పేర్లున్న ఈ ముద్రల్లో ఒక్క ఏడాది అంకె కూడా లేదు.

ఇప్పుడు లిబ్బీ దగ్గరికి వద్దాం. ప్రకృతిలో కార్బన్-14 ఉంటుందని మొదట రుజువు చేసుకోవడానికి ఆయన బృందం వాడింది బాల్టిమోర్ నగరపు మురుగునీటి కేంద్రం నుంచి తెచ్చిన మీథేన్ వాయువు. ఫారోల కాలనిర్ణయం మురుగు కాల్వలో మొదలైందన్నమాట! ఆ తర్వాత అసలు పరీక్షకు రాజుల దూలాలు కావలసి వచ్చాయి. ఆర్నాల్డ్ తండ్రికి ఈజిప్టు పురావస్తువులంటే ప్రాణం. ఆ పరిచయాల దారిన న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఈజిప్టు విభాగం చూసే ఆంబ్రోస్ లాన్సింగ్ సక్కారాలోని జోసర్ సమాధి నుంచి వచ్చిన తుమ్మ దూలం ముక్క పంపాడు. జోసర్ మూడో వంశపు రాజు, మెట్ల పిరమిడ్ కట్టించినవాడు. చికాగో ప్రయోగశాల జాబితాలో ఆ ముక్కకు పడ్డ నంబరు సి-1. పెన్ మ్యూజియం నుంచి ఫ్రోలిక్ రెయినీ మేడూమ్‌లోని స్నెఫెరు పిరమిడ్ దూలం ముక్క ఇప్పించాడు. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో సెసోస్ట్రిస్ కాలపు పడవ ఉంది, దాని చెక్క కొంచెం తీశారు. లుబ్ధక నక్షత్రం మేకు కొట్టిన ఆ మూడో సెసోస్ట్రిస్ పడవే ఇది. కాస్త తర్వాత మొదటి వంశం నాటి హెమకా సమాధి పైకప్పు చెక్క కూడా చేరింది. హెమకా డెన్ రాజు కొలువులో పెద్ద అధికారి. పాత పుస్తకాల్లో ఆ రాజును ఉదిము అంటారు, ఇద్దరూ ఒకరే.

పరీక్ష అంటే ఆ చెక్క మిగలదు. కాల్చి బొగ్గుపులుసు వాయువు చేయాలి. దాన్ని మెగ్నీషియంతో కలిపి మళ్లీ కార్బన్‌గా మార్చాలి. ఆమ్లంతో కడిగి ఆరబెడితే కాటుకలాంటి నల్లపొడి వస్తుంది. ఆ పొడిని పలచటి జిగురునీళ్లలో కలిపి ఒక గొట్టం లోపలి గోడకు పూతగా పూస్తారు. చుట్టూ దళసరి ఇనప కవచం, లోపల మరికొన్ని గైగర్ గొట్టాలు. బయటినుంచి వచ్చే కిరణం వాటినీ తాకి లోపలికొస్తే ఆ చప్పుడు లెక్కలోకి రాదు. కవచాలేమీ లేకపోతే నిమిషానికి వందల్లో వినబడే చప్పుళ్లు ఇంత ఏర్పాటుతో ఐదుకు దగ్గరగా తగ్గాయి. కొత్త చెట్టు కార్బన్ ఇచ్చేది నిమిషానికి ఏడు లోపే. జోసర్ దూలానికి అందులో సగం పైచిలుకు. ఆ రెండు మూడు చప్పుళ్ల తేడాలో ఉంది నాలుగున్నర వేల ఏళ్ల చరిత్ర. అందుకే ఒక్కో ముక్కను మళ్లీ మళ్లీ లెక్కించారు.

ఫలితాలు 1949 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. జోసర్ దూలానికి చరిత్రకారులు చెప్పింది సుమారు 4,650 ఏళ్లు, లిబ్బీ గొట్టం చెప్పింది 3,979, అటూ ఇటూ 350. స్నెఫెరు దూలం 4,802, అటూ ఇటూ 210. చరిత్ర లెక్క 4,575. పడవ 3,621, అటూ ఇటూ 180. చరిత్ర లెక్క 3,750 దరిదాపు. హెమకా చెక్క ఆ తర్వాత 4,883 దగ్గర తేలింది, చరిత్రకారులు చెప్పిన 4,700–5,100 మధ్యలో. గీత గీసి చూస్తే బిందువులన్నీ దాని చుట్టూ ఒద్దికగా కూర్చున్నాయి. లోకం చప్పట్లు కొట్టింది. జోసర్ బిందువు ఆరేడు వందల ఏళ్లు పక్కకు జరిగి ఉందన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

యంత్రాలు మెరుగయ్యేకొద్దీ ఆ జరుగుడు కొట్టొచ్చినట్టు కనబడసాగింది. పెన్ మ్యూజియం ప్రయోగశాలలో ఎలిజబెత్ రాల్ఫ్ ఈజిప్టు నమూనాలను పరీక్షిస్తూ పోతే, పాత రాజ్యపు రాజులు ఉండవలసిన దానికంటే కొన్ని వందల ఏళ్లు చిన్నవాళ్లుగా వస్తున్నారు. తప్పెవరిది, గడియారానిదా, రాజులదా? 1963లో లిబ్బీ తీర్పు రాజుల మీదికే మళ్లింది. నాలుగువేల ఏళ్లకు వెనక ఈజిప్టు తేదీలు ఎక్కువ చెప్పి ఉంటారని, ఐదువేల దగ్గర ఆ తేడా ఐదు శతాబ్దాల దాకా ఉండొచ్చని ఆయన రాశాడు. పదిహేనేళ్ల కిందట ఏ రాజుల సాక్ష్యంతో తన గడియారం నిజమైనదని రుజువు చేసుకున్నాడో ఆ రాజులనే ఇప్పుడు బోనెక్కించాడు.

తగువు తీర్చింది కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్ మీద పెరిగే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు. గాలికి మెలితిరిగి, సగం ఎండి, ఏడాదికి సన్నటి వలయం చొప్పున పెరుగుతూ నాలుగువేల ఏళ్లు దాటి బతికే మొండి చెట్లు. వాటిలో ఒకదాని వయసు 4,600 ఏళ్ల పైచిలుకని 1957లో ఎడ్మండ్ షుల్మన్ కనిపెట్టాడు. అది మొలకెత్తినప్పుడు ఈజిప్టులో రెండో వంశపు రాజులు ఏలుతున్నారు. అరిజోనా విశ్వవిద్యాలయంలో వెస్లీ ఫెర్గూసన్ బతికున్న చెట్ల వలయాలకు పడిపోయిన మానుల వలయాలు జతచేసి, 1969 నాటికి ఏడువేల ఏళ్లకు పైబడ్డ వరస తయారు చేశాడు. ఏ వలయం ఏ ఏడాదిదో తెలుసు. ఆ వలయాలను లాహోయాలో హాన్స్ స్యూస్ తన కార్బన్ యంత్రంలో పరీక్షించాడు. ఐదువేల ఏళ్ల నాటి వలయాలు కూడా వయసు ఐదారు వందల ఏళ్లు తక్కువే చెప్పాయి. భూమి అయస్కాంత బలం యుగానికొక రకంగా ఉంటుంది. దాన్ని బట్టి గాలిలో కార్బన్-14 హెచ్చుతగ్గులవుతుంది. అది ఎప్పుడూ ఒకేలా ఉందనుకోవడమే లిబ్బీ లెక్కలోని లోపం. సవరణ వేసి చూస్తే మొదటి వంశం మళ్లీ క్రీ.పూ. 3000 దగ్గరికి, అంటే చిరుగుల పపైరస్ కూడి చెప్పిన చోటికే, వచ్చి నిలబడింది.

అయినా దూలాలతో ఇంకో పేచీ ఉంది. ఈజిప్టులో మంచి కలప కరువు. తాతల నాటి దూలాన్ని పీకి మనవడి సమాధికి వేస్తారు. కార్బన్ చెప్పేది ఆ చెక్క పెరిగిన కాలమే గానీ రాజు పోయిన కాలం కాదు. అందుకే ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ బ్రాంక్ రామ్సే బృందం కలప జోలికి పోకుండా గింజలు, బుట్టలు, నారబట్టలు, పండ్లు ఏరింది. ఈజిప్టు నుంచి నమూనాలు బయటికి తేనివ్వరు కాబట్టి యూరప్, ఉత్తర అమెరికా మ్యూజియంలలో ఏనాడో చేరినవాటినే వాడుకున్నారు. నైలు పైరు వరద తీశాక చలికాలంలో పెరుగుతుంది గనక దాని కార్బన్‌లో సుమారు 19 ఏళ్ల తేడా వస్తుందని కూడా పట్టుకున్నారు. 2010లో జోసర్ పట్టాభిషేకం క్రీ.పూ. 2691–2625 మధ్య అని తేల్చారు. 2013లో మైకేల్ డీ బృందం ఇంకా వెనక్కి వెళ్లింది. సమాధుల వరసను, కార్బన్ తేదీలను కలిపి గణితం నడిపి, రెండో రాజు అహా గద్దెనెక్కింది క్రీ.పూ. 3111–3045 మధ్య అని చెప్పింది. ఆ మాటకు మూడింట రెండు వంతుల నమ్మకం. జెర్ ఏలుబడి యాభై ఏళ్లు దాటి ఉంటుందని అందులోనే వచ్చింది.

దూరం అర్థం కావడానికి ఒక మాట. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో పడుకున్న మమ్మీ టాలెమీల కాలానిదని చెబుతారు. అహాకూ ఆమెకూ మధ్య ఉన్న ఎడం, ఆమెకూ మనకూ మధ్య ఉన్న ఎడం కంటే ఎక్కువ.

నార్మర్ అహా కంటే ముందువాడు కాబట్టి క్రీ.పూ. 3100 అటూ ఇటూ అని ఇవాళ రాసుకుంటున్నాం. మరి పలెర్మో శిల పై వరసలో ఉత్త పేర్లుగా మిగిలిన ఆ రాజుల మాటేమిటి? నార్మర్‌కు ముందు ఈజిప్టులో రాజులున్నారా, ఉంటే ఎక్కడ? చికాగో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కీత్ సీల్ 1960ల మొదట్లో నూబియాలోని కుస్తుల్‌లో తవ్వి తెచ్చిన ఒక ధూపపాత్ర మీద బ్రూస్ విలియమ్స్ ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టానన్నాడు. తొలి ఫారోలు నూబియావాళ్లేనన్న ఆ వాదన మీద రేగిన రభస వచ్చే భాగంలో.